నులిపురుగుకు ఆతిథ్యమిచ్చే మొక్కలు

రాంగోపాల్‌పేటలో మా డాబామీద కుండీలలో టమాటా మొక్కలు వేశాము. వాటిలో ఒకటి ఉదయం నిటారుగా నిలిచేది. మధ్యాహ్నానికి తల వాల్చేది. నీళ్ళు చాలడంలేదనుకొని రెండు పూటలా పోశాము. ఆకులు పసుపు తిరిగాయే గాని మొక్క కోలుకోలేదు. చివరకు దానిని పెరికి, వేళ్ళు కడిగి చూస్తే అసలు సంగతి బయటపడింది. పీచువేళ్ళ నిండా ఆవగింజంత మొదలుకొని శనగగింజంత వరకు ముడులు! కొన్నిచోట్ల అవి ఒకదానితో ఒకటి కలిసి అల్లం కొమ్ములాగా ఉబ్బి ఉన్నాయి.

ఆ మొక్కను పారవేసి, మూడు నెలల తరువాత అదే మట్టిలో దోసగింజలు నాటాము. దోసతీగ వేళ్ళకూ అవే ముడులు వచ్చాయి. మూడు నెలలు కుండీ ఖాళీగానే ఉన్నది గదా, పురుగు దేనిని తిని బతికింది? ఖాళీ అని మేమనుకొన్నాము, అంతే. ఆ మూడు నెలలూ అందులో గంగపావిలికూర గుబురుగా అల్లుకొన్నది. పక్కన ఒక కామంచి మొక్క కాయలు కూడా కాసింది. పొలాలలో ఏటేటా జరిగేది కూడా ఇదే.

ఈ ముడులకు కారణం నులిపురుగు. శాస్త్రజ్ఞులు దీనిని నెమటోడు అంటారు. నెమటోడులు వేల జాతులు; మట్టిలో ఉండేవాటిలో చాలా భాగం మొక్కలకు ఏ హానీ చేయవు. వేరుముడులు కలిగించే ప్రజాతి పేరు మెలాయిడోగైన్. ఆపిల్ పండువంటి ఆడది అని ఆ గ్రీకుమాటకు అర్థం. మన కంటికి ఆ ఆడపురుగు పండుకన్న చిన్న కూజావలె కనబడుతుంది.

గుడ్డులోనుంచి వెలువడిన డింభకం పొడవు సుమారు 0.4 మిల్లీమీటరు. వేరుకొన దగ్గర లోపలికి దూరి, నోటిలోని సూదితో కొన్ని కణాలను పొడిచి, వాటిలోకి తన స్రావాలను వదులుతుంది. ఆ కణాలు విభజన పొందకుండానే పలు కేంద్రకాలతో పెరిగి బృహత్కణాలవుతాయి. పురుగు జీవితమంతా వాటినే పీల్చుకొంటూ కదలకుండా కూర్చుంటుంది. చుట్టూ ఉన్న కణజాలం ఉబ్బి ముడి అవుతుంది. నీరు పైకి పోయే దారువు అక్కడ వంకరలు తిరిగి తెగిపోతుంది. మధ్యాహ్నం మొక్క వాడిపోవటానికి కారణమిదే. మన వాతావరణంలో సుమారు నెల రోజులలో ఆడపురుగు పెరిగి, జిగురు సంచిలో కొన్ని వందల గుడ్లు పెడుతుంది. ఈ ప్రజాతిలో ప్రధానమైన జాతులలో గుడ్లు పెట్టటానికి మగపురుగు అవసరం కూడా లేదు. ఒక్క డింభకం ఒక్క కలుపుమొక్క వేరులో చోటు సంపాదించుకొంటే చాలు.

ఈ ముడులను తొలుత వర్ణించినవాడు బర్కిలీ. 1855లో ఇంగ్లండులో అద్దాల ఇంట పెంచిన దోసవేళ్ళమీద ఆయన వీటిని చూశాడు. మన దేశంలో 1901లో బార్బర్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు నీలగిరులలోని దేవాల తేయాకు తోటలో గుర్తించాడు. 1949లో చిట్‌వుడ్ అమెరికాలో, అంతవరకు ఒకే జాతి అనుకొన్న ఈ పురుగు నిజానికి పలు జాతుల సమూహమని చూపాడు. వాటిలో ఇన్‌కాగ్నిటా, జవానికా అనేవి మనవంటి ఉష్ణదేశాలలో ఎక్కువ.

పరాన్నభుక్కుకు నివాసం, ఆహారం ఇచ్చే ప్రాణిని ఆతిథేయి అంటారు. పేరు గొప్పదే గాని, ఇక్కడ అతిథిని ఎవరూ పిలవలేదు! వేరుముడి పురుగుల ఆతిథేయులు 2,000 జాతులకు పైగా తెలిసినవి. మోండా మార్కెట్టులో ఒక గంప ముందు నిలబడి చూడండి: టమాటా, వంగ, బెండ, దోస, సొర, కాకర, క్యారెట్టు. అన్నీ ఈ పురుగుకు ఇష్టమైనవే. టమాటా తరువాత బెండ, బెండ తరువాత వంగ వేసి పంట మార్చామని రైతు అనుకొంటాడు. పురుగు దృష్టిలో పంట మారనేలేదు.

ఒక మొక్క వేరులో ముడి కనబడితే అది ఆతిథేయి అనీ, కనబడకపోతే కాదనీ అనుకోవటం పొరపాటు. పురుగు ఆ వేరులో పెరిగి గుడ్లు పెట్టిందా, లేదా అన్నదే అసలు పరీక్ష. జనుము వేరులోకి డింభకాలు దూరుతాయి. కాని వాటిలో గుడ్లు పెట్టేదాకా పెరిగేవి బహుస్వల్పం. కలుపులో దీనికి విరుద్ధంగా జరుగుతుంది. తుంగ వేళ్ళమీద ముడులు గుర్తించటం కష్టం, మొక్క పచ్చగా, బలంగా ఉంటుంది. అయినా ఇన్‌కాగ్నిటా దానిలో సంతానాన్ని పెంచుతుంది. పైరులేని కాలంలో తుంగగడ్డలు పురుగును దాచి కాపాడతాయని అమెరికాలోని న్యూమెక్సికోలో జరిగిన పరిశోధనలు తెలిపాయి. పైపాటున తుంగను గీకివేస్తే గడ్డ, దానిలోని అతిథి రెండూ నేలలోనే ఉండిపోతాయి. ముళ్ళతోటకూర, గుంటగలగర, గంగపావిలి కూడా ఆతిథేయులే. కామంచి టమాటాకు చుట్టమే, దానికి పురుగు పట్టటంలో వింత లేదు. కాని గంగపావిలికి టమాటాతో ఏ చుట్టరికమూ లేదు. కుటుంబం పేరు చూసి ఆతిథేయిని ఊహించటం కుదరదు.

ఈ ఎంపికనే ఆధారంగా చేసుకొని పురుగు జాతిని పోల్చే ఒక పద్ధతి అమెరికాలోని నార్త్ కరోలినాలో రూపొందింది. టమాటా, పొగాకు, మిరప, పుచ్చ, వేరుశనగ, పత్తి, ఈ ఆరింటిలో నిర్ణీత రకాలను అనుమానమున్న మట్టిలో పెంచుతారు. మిరప, పుచ్చ వేళ్ళలో పెరిగి వేరుశనగను వదిలివేస్తే అది ఇన్‌కాగ్నిటా. మిరపను కూడా వదిలి పుచ్చలో పెరిగితే జవానికా అని అనుమానించవచ్చు. ఇన్‌కాగ్నిటాలో మరల నాలుగు తెగలు. వాటిలో రెండు పత్తిని పట్టుకొంటాయి, రెండు పట్టుకోవు. సూక్ష్మదర్శిని కింద ఒకేలా కనబడే పురుగులను ఈ విధంగా మొక్కలు వేరుచేసి చూపుతాయి. నేడు జన్యుపదార్థ పరీక్షలు వచ్చినా, తరువాత ఏ పంట వేయాలో నిర్ణయించటానికి ఈ జ్ఞానం అక్కరకు వస్తూనే ఉన్నది.

అయితే ఇన్‌కాగ్నిటా తాకని వేరుశనగ నులిపురుగులన్నిటినుంచీ క్షేమమా? శ్రీకాళహస్తి రైతులను అడగాలి. 1975–76లో అప్పటి చిత్తూరు జిల్లాలోని ఆ ప్రాంతంలో, వేరుశనగ ఊడలమీద, లేతకాయలమీద గోధుమ పసుపు మచ్చలు కనబడ్డాయి. కాడలు కురచబారాయి, ముదిరిన చేలలో కాయపై పొట్టంతా రంగు మారింది. దీనికి కారణం టైలెంకోరింకస్ అనే మరొక నులిపురుగు అని పరిశోధకులు 1984లో ప్రకటించారు. ఆ తెగులు నేటికీ శాస్త్రగ్రంథాలలో కాళహస్తి తెగులనే పేరుతోనే ఉన్నది. మన ఊరి పేరు ఈ విధంగా ప్రసిద్ధి కావటం సంతోషించదగినది కాదనుకోండి.

కందిని పట్టే హెటిరోడెరా కజాని అనే పురుగు ఇంతకన్న ఎంపిక గలది. కంది, పెసర, మినుము, అలసంద దానికి ముఖ్యమైనవి. పప్పుజాతి కాని నువ్వులలో కూడా పెరగటం ఒక విచిత్రం. జొన్న దానికి పనికిరాదు. ఇక వరివేళ్ళ కొనలను కొక్కెంలాగా వంచే గ్రామినికోలాను 1965లో వర్ణించినప్పుడు, ఆ నమూనాలు వరినుంచి తీసినవి కావు. అమెరికాలోని లూసియానాలో ఊదగడ్డి వేళ్ళనుంచి తీసినవి! నిలువనీటిలో దాని డింభకాలు కొత్త వేళ్ళలోకి దూరలేవు. నీరు నిలపకుండా వరిని వెదజల్లే పద్ధతి వ్యాపించేకొద్దీ గట్టుమీది ఊదను గమనించవలసి ఉంటుంది.

పురుగుకు ఎదురుతిరిగే మొక్కలు కూడా ఉన్నవి. మన బతుకమ్మకు, దసరాకు కోసే బంతి వాటిలో ముఖ్యమైనది. 1958లో హాలండులో ఊలెన్‌బ్రూక్, బైలో అనే రసాయనజ్ఞులు బంతివేళ్ళలో నులిపురుగులను చంపే టెర్థైనిల్ అనే పదార్థాన్ని గుర్తించారు. కాని గట్టుమీద నాలుగు బంతిమొక్కలు నాటితే చాలదు. చేనంతా రెండు మూడు నెలలు బంతే ఉండాలి, మధ్యలో కలుపు ఉండరాదు. బంతిలోని అన్ని రకాలూ పురుగులోని అన్ని జాతులమీదా ఒకేలా పనిచేయవు. పురుగును తట్టుకొనే టమాటా రకాలు కూడా ఉన్నవి. కాని నేల వేడి సుమారు 28 డిగ్రీల సెంటిగ్రేడు దాటితే వాటి శక్తి సడలుతుంది. మన ఎండలలో ఇది చిన్న లోపం కాదు.

ఉపాధ్యాయులకు ఒక జాగ్రత్త. పాఠ్యపుస్తకంలో వేరు బుడిపెలు అంటే పప్పుజాతి మొక్కలకు నత్రజనిని సమకూర్చే మిత్రులు. విద్యార్థులు నులిపురుగు ముడిని చూసి వాటినే అనుకొంటారు. బుడిపె వేరుకు పక్కన అంటుకొని ఉంటుంది. గోటితో తీస్తే ఊడివస్తుంది. పనిచేస్తున్న బుడిపెను చీల్చితే లోపల గులాబీరంగు కనబడుతుంది. ముడి అట్లా కాదు, వేరే ఉబ్బుతుంది. లాగితే వేరు తెగుతుంది.

బడితోటలోని మట్టిని పరీక్షించటానికి ఖరీదైన పరికరాలేవీ అక్కరలేదు. ఒక కుండీలో అనుమానమున్న మట్టిని, మరొకదానిలో అదే మట్టిని బాగా వేడిచేసి చల్లార్చి నింపండి. రెండింటిలో టమాటా విత్తి, ఆరు వారాల తరువాత మెల్లగా పెరికి, నీటిలో కడిగి ముడులు లెక్కపెట్టండి. అదే సమయంలో తోటలోని ఒక్కొక్క కలుపుమొక్కనూ వేళ్ళతో తీసి చూడండి. పేర్లు రాసుకొని, ముడులున్నవి, లేనివి పట్టిక వేయండి. ముడులు లేవని తేలినదానిని వెంటనే నిర్దోషి అనవద్దు. భూతద్దంతో వేరుమీద జిగురు సంచుల కోసం వెదకండి.

మా కుండీలోని మట్టిని ఈ వేసవిలో డాబామీద పలుచగా పరచి, ఎండకు పూర్తిగా ఆరబెట్టాము. తొలకరికి బంతినారు వేశాము. వారానికొకమారు కుండీ దగ్గర కూర్చుని, మొలిచిన గంగపావిలిని వేరుతోసహా తీసివేయటం ఇప్పుడు మా పిల్లల పని.