తలుపు తెరిచారు... తొట్టి నిండలేదు!

కొవిడ్‌ ఆంక్షల నడుమ ప్రకృతి వైద్యులు మళ్లీ పనిలో దిగిన వైనం

హోసూరు: చీటీ మీద మాత్ర పేరు రాసిచ్చి పంపే వైద్యం కాదది. కడుపు నొక్కి చూడాలి. నాలుక చాపించాలి. బొడ్డు దాకా నీళ్లున్న తొట్టిలో కూర్చోబెట్టాలి. పొట్ట మీద తడి మట్టి పట్టీ పరవాలి. తల ఒక్కటీ బయటికుంచి, ఒళ్లంతా పెట్టెలో పెట్టి ఆవిరి పట్టించాలి. అన్నీ రోగికి మూరెడు దూరంలో నిలబడి చేసేవే. ‘దగ్గరికి రావొద్దు, తాకొద్దు’ అని దేశమంతా చాటింపు వేసిన 2020లో ఈ వైద్యం చేసేవాళ్లు ఏం చేశారు? సరిహద్దుకు అటూ ఇటూ ఉన్న తెలుగు కుటుంబాల్లో కీళ్ల నొప్పులకో, మలబద్ధకానికో, పెరిగిన ఒంటికో ఏడాదికోసారి ‘నేచర్‌ క్యూర్‌’కు వెళ్లివచ్చేవారు తక్కువేమీ కాదు. వాళ్లకు ఆ రోజులు ఇంకా గుర్తే.

ఆ ఏడాది మార్చి 25న లాక్‌డౌన్‌ మొదలైంది. తలుపులు మూతపడ్డాయి. ఏప్రిల్‌ 15న కేంద్ర హోంశాఖ సవరించిన మార్గదర్శకాలు ఇచ్చింది. 20వ తేదీ నుంచి ‘ఆయుష్‌తో సహా’ వైద్యసేవలన్నీ నడవొచ్చని అందులో ఉంది. ఆయుష్‌లో ‘వై’ అక్షరం యోగా, ప్రకృతి వైద్యానిదే. కాగితం మీద చిక్కు తీరింది. చిక్కల్లా వీధిలోనే.

క్లినిక్కా... స్పానా?

మర్దన బల్ల, ఆవిరి గది కనబడితే చాలు, చూసేవాడికి స్పానే గుర్తుకొస్తుంది. లోపల ఉన్నది అయిదున్నరేళ్ల బీఎన్‌వైఎస్‌ చదివిన డాక్టరా, నాలుగు పుస్తకాలు తిరగేసి బోర్డు పెట్టిన మనిషా అన్నది గుమ్మం దగ్గర తేలేది కాదు. కర్ణాటకలో 1961 నాటి చట్టం కింద ప్రకృతి వైద్యులకు రిజిస్ట్రేషన్‌ ఉంది. దేశమంతటికీ ఒకే చట్టం మాత్రం లేదు. 2020లోనే వచ్చిన జాతీయ భారతీయ వైద్య విధానాల కమిషన్‌ చట్టంలో ఆయుర్వేదం, యునానీ, సిద్ధ, సోవా రిగ్పా ఉన్నాయి. ప్రకృతి వైద్యానికి చోటు దక్కలేదు. రోగులను చూసుకోమన్న ప్రభుత్వమే ‘మీరెవరు’ అన్న ప్రశ్నకు పూర్తి జవాబు ఇవ్వకుండా వదిలేసిందన్నమాట.

ఆగస్టు 5 నుంచి యోగా కేంద్రాలు, జిమ్‌లు తెరవొచ్చన్నారు. వాటికోసం ఆరోగ్యశాఖ ఇచ్చిన నిబంధనలు చదివితే ఈ వృత్తివాళ్ల ఇబ్బంది తేటగా కనబడుతుంది. మనిషికి మనిషికి ఆరడుగులు. ఒక్కొక్కరికి నాలుగు చదరపు మీటర్లు. ఎవరి చాప వాళ్లదే. ఆక్సిజన్‌ 95 కన్నా తక్కువుంటే వ్యాయామం చేయించకూడదు. యోగ క్రియలు ప్రస్తుతానికి వద్దు, తప్పదనుకుంటే ఆరుబయట. స్పా, ఆవిరి స్నానం, ఈతకొలను మూసే ఉంచాలి. క్లినిక్‌ వేరు, జిమ్‌ వేరు అని వాదించొచ్చు. కానీ జిమ్‌లో ముప్పు అయిన ఆవిరి గది క్లినిక్‌లో ముప్పు కాకుండా పోతుందా? జాగ్రత్త తెలిసిన వైద్యులు వాదనకు దిగలేదు. ఆవిరి గదికి తాళం వేసుకున్నారు.

తొట్టి స్నానం సంగతి చెప్పాలంటే పాత కథ ఒకటి ఉంది. దీన్ని ప్రచారంలోకి తెచ్చినవాడు జర్మనీలోని లైప్జిగ్‌ వాసి లూయీ కూనే. ఆయన పుస్తకాన్ని 1894లో డి.వెంకట చలపతి శర్మ తెలుగులోకి తెచ్చారు. మన దేశంలో ప్రకృతి వైద్య ఉద్యమానికి ఊపు వచ్చింది ఆ అనువాదంతోనేనని ఆయుష్‌ శాఖ సైతం చెప్పుకొంటుంది. హిందీ, ఉర్దూ అనువాదాలు ఆ తర్వాత పదేళ్లకు గాని రాలేదు. గాంధీజీ పుణె దగ్గర ఉరుళి కాంచన్‌లో ఆశ్రమం పెట్టించింది 1946లో. తెలుగువాడి చేతిమీదుగా ఊరూరా తిరిగిన తొట్టి అలా 2020లో పెరట్లో బోర్లా పడింది.

ఫోనులో పథ్యం

చేతులు కట్టేస్తే మిగిలింది నోరు. ఏం తింటున్నారు, ఎన్ని గంటలకు పడుకుంటున్నారు, విరేచనం సాఫీగా అవుతోందా... ఫోనులోనే విచారణ. చల్లటి తడిగుడ్డ పట్టీ ఇంట్లోనే వేసుకునే తీరు వీడియోలో చూపించడం. షుగరు మాత్రలు వేసుకునేవారికి, ఇన్సులిన్‌ తీసుకునేవారికి ‘కంటికి కనబడకుండా ఉపవాసం పెట్టను’ అని చెప్పడం. ఆ మాట చెప్పగలిగినవాడే నిజమైన వైద్యుడు.

రోగుల వైపు నుంచి మాత్రం ఒకటే ప్రశ్న: ‘ఆవిరి గది తెరిసినారా సారూ?’

ఆవిరి పిచ్చి ఆ రోజుల్లో ఇంటింటికీ పాకింది. 2021 మే నెలలో రెండో ఉద్ధృతి వేళ తమిళనాడులో నలుగురు చేరేచోట కూడా ఆవిరి పట్టే ఏర్పాట్లు వెలిశాయి. వాటివల్ల జబ్బు మరింత పాకుతుందని, డాక్టరు చెప్పనిదే ఆవిరి పట్టొద్దని ఆరోగ్య మంత్రి మా.సుబ్రమణియన్‌ హెచ్చరించాల్సి వచ్చింది. ఆవిరితో వైరస్‌ చస్తుందనడానికి ఆధారం లేదు. మరిగే గిన్నె ఒలికి ఒళ్లు కాల్చుకున్న పిల్లల కేసులు ఉన్నాయి. ఆవిరి తమ వృత్తిలో భాగమైనవాళ్లే ‘వద్దు’ అనాల్సిన పరిస్థితి. అన్నవాళ్లున్నారు, అనకుండా గిరాకీ చూసుకున్నవాళ్లూ ఉన్నారు. కొవిడ్‌ నయం చేస్తామన్న ప్రచారాలు ఆపాలని ఆయుష్‌ శాఖ 2020 ఏప్రిల్‌ 1నే ఆదేశించినా ఆ బోర్డులు పూర్తిగా దిగలేదు.

ఇటు ప్రభుత్వ సేవలో ఉన్న ప్రకృతి వైద్యులకు వేరే పని దొరికింది. తమిళనాడు కొవిడ్‌ కేంద్రాల్లో లక్షణాలు స్వల్పంగా ఉన్నవారికి ఊపిరి కసరత్తులు, తేలిక ఆసనాలు నేర్పారు. అక్కడ వాళ్లు అల్లోపతి డాక్టర్ల పక్కనే నిలబడ్డారు, పోటీగా కాదు.

చివరికి వచ్చినవారు

రెండు రాష్ట్రాల మధ్య బస్సులు నెలల తరబడి నడవలేదు. అటు సేవాసింధు, ఇటు ఈ-పాస్‌. సరుకులకు, మనుషులకు సరిహద్దుల్లో అడ్డు పెట్టొద్దని కేంద్రం ఆగస్టు 22న రాష్ట్రాలకు రాసింది. కర్ణాటక రెండు రోజుల్లో సేవాసింధు నమోదు తీసేసింది. తమిళనాడుకు బయటి నుంచి వచ్చేవారికి ఈ-పాస్‌ ఆ తర్వాతా ఉండింది. అత్తిబెలె దాటి పనికెళ్లే మనిషికి ఒక కాలు తెరిచిన గేటులో, ఇంకో కాలు మూసిన గేటులో.

ఇందులో ఎక్కువ నలిగింది డాక్టర్లు కాదు. ఆడవాళ్ల విభాగంలో, మగవాళ్ల విభాగంలో మర్దన చేసే సహాయకులు. ఫోనులో పథ్యం చెప్పడానికి డాక్టరుకు వీలుంది. మర్దన ఫోనులో కుదరదు. క్లినిక్‌ తలుపు మొదట తెరుచుకున్నా, వాళ్ల పని మాత్రం అన్నిటికన్నా చివర మొదలైంది. మొదలయ్యాకా మాస్కు, ఫేస్‌ షీల్డు, మనిషికో దుప్పటి, ఒకరికి వాడిన మట్టి ఇంకొకరికి వాడకుండా పారబోత, తొట్టి కడిగి ఎండబెట్టడం, ఒకరికీ ఇంకొకరికీ నడుమ ఖాళీ. రోజుకు చూసే మనుషులు తగ్గారు. గది అద్దె మాత్రం తగ్గలేదు. తొట్టి కడిగే మనిషికి మాత్రం పని రెండింతలైంది, కూలి అంతే.