చప్పట్లయ్యాక అసలు కథ!

సినిమా పత్రికలో ఉపన్యాసాల గొడవేమిటి అనుకుంటున్నారా? ఉంది, చెబుతాను!

అక్కినేని నాగేశ్వరరావు గారి నాటకాల రోజుల గురించి మాట్లాడమని ఆమధ్య బెజవాడలో ఒక కాలేజీ వాళ్లు పిలిచారు. బాగానే దంచాను. 1924లో గుడివాడ దగ్గర రామాపురంలో పుట్టడం, నాటకాల్లో ఆడవేషాలతో పేరు తెచ్చుకోవడం, బెజవాడ రైల్వే స్టేషన్లో ఘంటసాల బలరామయ్య గారి కంట పడటం, 1944లో 'సీతారామ జననం'లో రాముడైపోవడం... పిల్లలు ఈలలు వేశారు. "ఏమైనా అడుగుతారా?" అన్నాను మైకులో. ఒక్కరూ లేవలేదు. నా ధాటికి నోట మాట రాలేదు కాబోలనుకున్నాను!

శాలువా సంచీలో కుక్కుకుని మెట్లు దిగుతుంటే, స్తంభం చాటు నుంచి ఒక కుర్రాడు వచ్చి "సార్, ఒక్క మాట..." అన్నాడు. బస్సు టైమైందన్నాను. నిజానికి ఇంకా రెండు గంటలుంది.

బస్టాండులో టీ తాగుతుంటే ఒక పెద్దాయన పలకరించాడు. గవర్నరుపేటలో ఒక సినిమా హాలు గేటు దగ్గర చాలా ఏళ్లు టిక్కెట్లు చింపాడట. నా ఉపన్యాసమూ విన్నాడట. "బాబూ, హాల్లో ఈలలు విని సినిమా ఆడుతుందని మేమెప్పుడూ అనుకోలేదు. ఆట వదిలాక సైకిల్ స్టాండు దగ్గర నిలబడేవాళ్లం. జనం నిజం మాట్లాడేది అక్కడ. నువ్వు సరిగ్గా ఆ వేళకి వచ్చేశావు" అన్నాడు.

గుచ్చుకుంది. టీ సగంలో వదిలేసి ఆటో ఎక్కాను. అదృష్టం, కుర్రాడింకా గేటు దగ్గరే ఉన్నాడు.

"ఏమిటి తమ్ముడూ, ఏదో అడగబోయావు?"

కాలేజీ నాటకంలో అతనికి ఆడవేషం ఇచ్చారట. హాస్టల్లో ఒకటే ఏడిపిస్తున్నారట. మానేద్దామనుకుంటున్నాడు. "ఇదంతా అందరి ముందూ మైకులో ఎలా అడగను సార్?"

గోడ మీద కూర్చున్నాం. స్త్రీ పాత్రలకే పేరుపడ్డ స్థానం నరసింహారావు గారికి 1956లో పద్మశ్రీ వచ్చిందన్నాను. ఇదే బెజవాడలో చదువుకునే రోజుల్లో రామారావు గారు, నాగమ్మ వేషానికి మీసం తీయనని భీష్మించి 'మీసాల నాగమ్మ' అనిపించుకున్న సంగతి చెప్పాను. పకపకా నవ్వాడు. తర్వాత అరగంట అతనే మాట్లాడాడు. చీర కట్టుకుని మెట్లెక్కడం ఎంత కష్టమో నాకప్పుడే తెలిసింది!

ఇప్పుడు నేను "ఏమైనా అడుగుతారా?" అని వేదిక మీంచి అడగడం మానేశాను. దిగి వెనక బెంచీ దగ్గర చేరతాను. పొగడడానికొచ్చే ముందు వరస వాళ్లకో నమస్కారం పెట్టి, చివర నసుగుతూ నిలబడ్డ వాళ్లను ముందు పలకరిస్తాను.

అన్నట్టు, ఆ రాత్రి బస్సు నిజంగానే తప్పిపోయింది!