రూపాయి పేరు చెప్పి రూపాయలు గుంజే మిషను
పరదేశంలో కార్డు గీకేవారు గమనించవలసిన సంగతి

జగిత్యాల: దుబాయి, మస్కట్, కువైట్‌లకు బతుకుదెరువు కోసం వెళ్ళినవారు లేని ఊరు జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల్ ప్రాంతాలలో అరుదు. అమెరికాలో ఉన్న కొడుకు దగ్గరకో, కూతురు దగ్గరకో వెళ్ళి వస్తున్న తల్లిదండ్రులూ నేడు తక్కువేమీ కాదు. వీరిలో పలువురి జేబుల్లో ఇక్కడి బ్యాంకు కార్డు ఉంటోంది. ఆ కార్డును అక్కడి దుకాణంలో గీకినప్పుడు చప్పుడు లేకుండా కోతపడే సొమ్ము సంగతి మాత్రం తెలిసినవారు కొద్దిమందే.

మిషను అడిగే ప్రశ్న

దుబాయి దుకాణంలో సామాను కొని కార్డు ఇచ్చామనుకోండి. మిషను మీద రెండు అంకెలు కనిపిస్తాయి. ఒకటి దిర్హమ్‌లలో, రెండవది రూపాయలలో. 'ఎ.ఇ.డి.' అంటే దిర్హమ్, 'ఐ.ఎన్.ఆర్.' అంటే మన రూపాయి. పరాయి గడ్డ మీద రూపాయి కనిపించగానే ప్రాణం లేచివచ్చినట్లుంటుంది. లెక్క తేలిక అనుకుని దానినే నొక్కుతాం. చిక్కంతా అక్కడే ఉంది.

రూపాయలు నొక్కితే మారకం రేటు వేసేది మన బ్యాంకు కాదు. ఆ మిషను వెనుక ఉన్న కంపెనీ తనకు నచ్చిన రేటు వేస్తుంది. మీద పడిన లాభాన్ని ఆ కంపెనీ, అక్కడి బ్యాంకు, దుకాణం పంచుకుంటాయి. ఇది తడిగుడ్డతో గొంతు కోయడమే.

లెక్క చూడండి

దిర్హమ్ 23 రూపాయలనుకుందాం. 1,000 దిర్హమ్‌ల సామానుకు అసలు ధర 23,000 రూపాయలు. దిర్హమ్‌లలోనే కడితే మన బ్యాంకు నూటికి 3.50 చొప్పున మారకం ఛార్జీ వేసిందనుకోండి, 805 రూపాయలు. దానిపై 18 శాతం జి.ఎస్.టి. 145 రూపాయలు. మొత్తం 23,950.

అదే రూపాయలలో కడితే, మిషను కంపెనీ నూటికి 6 కలిపిందనుకున్నా బిల్లు 24,380 అవుతుంది. అంతటితో ఆగదు. రూపాయలలో కట్టినా అది పరదేశపు ఖర్చే కనుక కొన్ని బ్యాంకులు మళ్ళీ ఛార్జీ వేస్తాయి. నూటికి 1 వేసినా, జి.ఎస్.టి.తో కలిపి 24,668కి చేరుతుంది. తేడా 718 రూపాయలు. నెలకు వెయ్యి దిర్హమ్‌ల జీతగాడికి ఇది దాదాపు ఒకరోజు సంపాదన.

సెలవుపై వచ్చినవారికీ ఇదే పోటు

గల్ఫ్ బ్యాంకు కార్డుతో సెలవుపై ఇంటికి వచ్చినవారికి మన దేశమే పరదేశమవుతుంది. ఇక్కడి ఏ.టి.ఎం. 'దిర్హమ్‌లలో కోయమంటారా?' అని అడగవచ్చు. అప్పుడు రూపాయలే నొక్కాలి. గుర్తుంచుకోవలసినది ఒక్కటే: ఏ దేశంలో నిలబడి ఉంటే ఆ దేశపు డబ్బులోనే కట్టాలి.

ఏ.టి.ఎం.లో ఆ రేటు వద్దని 'డిక్లైన్ కన్వర్షన్' నొక్కితే డబ్బు రాదేమోనని కొందరు జంకుతారు. భయం అక్కరలేదు. రేటును మాత్రమే కాదన్నట్లు, డబ్బు వస్తుంది.

మన హక్కు

ఏ డబ్బులో కట్టాలో తేల్చుకునేది కార్డుదారుడేనని వీసా, మాస్టర్‌కార్డు నియమాలు చెబుతున్నాయి. దుకాణదారు అడగకుండా రూపాయలు నొక్కితే, పిన్ కొట్టకముందే రద్దు చేయమని అడగాలి. కొట్టిన తరువాత చీటీ చూసి గుర్తించినా, అక్కడే రద్దు చేయించి తిరిగి గీకించుకోవచ్చు. చీటీ పారవేయరాదు.

రిజర్వు బ్యాంకు ఆదేశాల మేరకు 2020 మార్చి 16 నుంచి కొత్త కార్డులు మొదట దేశంలోపలే పనిచేస్తాయి. పరదేశంలో వాడాలంటే మనమే ఆ వీలు తెరిపించుకోవాలి. ఆ పనిమీద బ్యాంకుకు వెళ్ళిన రోజునే "మారకం ఛార్జీ నూటికి ఎంత? ఏ.టి.ఎం.లో తీస్తే ఎంత? అక్కడ రూపాయలలో కడితే వేరే కోత ఉందా?" అని అడిగి రాయించుకోవడం మేలు.

గల్ఫ్ ప్రయాణికులు ఎక్కువగా ఉన్న చోట్ల బ్యాంకు శాఖలు ఈ మూడు సంగతులను తెలుగులో ఒక బోర్డుపై రాసి పెడితే, చదువురాని కూలీల చెమట సొమ్ము కొంతైనా మిగులుతుంది. బ్యాంకు అధికారులు ఈ విషయమై శ్రద్ధ వహించవలసి ఉంది.