ఇంటి సేవకు బద్ర్‌లో వాటా

ఉప్పల్, నాచారం ప్రాంతాల్లోని సర్కారు బడులకు వైద్య సిబ్బంది వస్తారు. పిల్లల ఎత్తు, బరువు కొలుస్తారు. కళ్లు, పళ్లు, చెవులు చూస్తారు. లోపం కనిపిస్తే పెద్దాసుపత్రికి తీసుకెళ్లమని చీటీ రాసిస్తారు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పుట్టిన బిడ్డ మొదలు 18 ఏళ్ల వారి వరకు ఈ పరీక్షలు ఉచితమే.

మరి ఆ చీటీ ఇంటికి వచ్చాక ఏమవుతోంది? చాలా ఇళ్లలో పుస్తకాల సంచి అడుగున నలిగిపోతోంది. అబ్బా ఫ్యాక్టరీ షిఫ్టులో ఉంటారు. అమ్మీ మంచాన పడ్డ దాదీకి మందులు వేస్తూ, గంజి తాగిస్తూ ఉంటుంది. బిడ్డను ఆసుపత్రికి తీసుకెళ్లవలసింది ఆమే. ఆమెకు ఊపిరి తీసుకునే తీరిక లేదు. బిడ్డ ఆరోగ్యం అమ్మీ ఆరోగ్యం మీద ఆధారపడి ఉంది. ఆమెను పరీక్షించేవారు ఎవరు?

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో నూటికి 57 మందికి పైగా రక్తహీనతతో ఉన్నారు. అయిదేళ్లలోపు పిల్లల్లో నూటికి 70 మందిదీ ఇదే స్థితి. తల్లీబిడ్డలను పట్టి పీడిస్తున్న జబ్బు ఒక్కటేనన్నమాట.

హజ్రత్ ఉస్మాన్ (రజి) ఆదర్శం

హిజ్రీ 2వ సంవత్సరంలో ముస్లింలు బద్ర్‌కు బయలుదేరే వేళకు దైవప్రవక్త (స) కుమార్తె, హజ్రత్ ఉస్మాన్ (రజి) సతీమణి అయిన హజ్రత్ రుఖయ్యా (రజి) తీవ్రంగా జబ్బుపడి ఉన్నారు. ఆమె వద్దే ఉండిపొమ్మని దైవప్రవక్త (స) హజ్రత్ ఉస్మాన్‌కు చెప్పారు. బద్ర్‌లో పాల్గొన్న వ్యక్తికి లభించే పుణ్యం, మాలె గనీమత్‌లో వాటా ఆయనకూ ఉంటాయని తెలిపారు. సహీహ్ బుఖారీలో ఈ సంగతి ఉంది.

సోదరులారా, కాస్త ఆలోచించండి. రోగి పక్కన కూర్చున్నది ఒక పురుషుడు. అది ఆడవాళ్ల పని అని ఆయన అనుకోలేదు. మన ఇళ్లలో ఆ బరువంతా అమ్మీ మీదో, కోడలి మీదో, చివరికి బడి మాన్పించిన పెద్దకూతురి మీదో వేస్తున్నాం. దాదీ సేవ పుణ్యకార్యమే. ఆ పుణ్యం కోసం ఒక ఆడపిల్ల చదువును బలిపెట్టడం న్యాయమేనా? ఆ పుణ్యంలో మనకూ వాటా అక్కర్లేదా?

మనం చేయగలిగింది

దూరం పోనవసరం లేదు. 30 ఏళ్లు దాటిన వారికి బి.పి., షుగర్ పరీక్షలు బస్తీ దవాఖానాల్లో ఉచితంగా చేస్తారు. హైదరాబాద్‌లో 2018లో ఇవి మొదలయ్యాయి. ఇ.ఎస్.ఐ. కార్డున్న కార్మికులకు నాచారంలోనే ఇ.ఎస్.ఐ. ఆసుపత్రి ఉంది. కార్మికునితోపాటు భార్యాపిల్లలకు, అతనిపై ఆధారపడిన తల్లిదండ్రులకు కూడా అక్కడ వైద్యం అందుతుంది.

బడిలో వారానికోసారి ఇచ్చే ఐరన్ మాత్రను పిల్లలు పారేయకుండా చూడాలి. ఫిబ్రవరి 10, ఆగస్టు 10 తేదీల్లో జరిపే నులిపురుగుల నివారణ దినాన ఆల్బెండజోల్ మాత్ర మింగించాలి. పురుగులుంటే తిన్న తిండి ఒంటబట్టదు.

తిండి విషయంలో ఒక్క మాట. అన్నం తిన్న వెంటనే చాయ్ తాగితే ఆహారంలోని ఇనుము ఒంటికి సరిగా పట్టదు. గంటసేపు ఆగాలి. కలేజీ, తోటకూర, పప్పులు తినాలి. వాటికి నిమ్మరసమో జామకాయో తోడైతే ఇనుము బాగా పడుతుంది. అందరికీ వడ్డించి అడుగున మిగిలింది తినే అలవాటును మన తల్లులు మానుకోవాలి. మాన్పించవలసిన బాధ్యత మనది.

శరీరానికి కూడా మనపై హక్కు ఉందని దైవప్రవక్త (స) బోధించారు. సేవచేసే వారి శరీరానికీ ఆ హక్కు ఉంది.

ఈ రోజు జుమా నమాజ్ ముగించుకుని ఇంటికి వెళ్లగానే పిల్లవాడి సంచి తెరిచి చూద్దాం. చీటీ ఉంటే ఏ రోజు ఆసుపత్రికి వెళ్లాలో అప్పుడే నిర్ణయించుకుందాం. ఆ పూట దాదీ పక్కన మనం కూర్చుందాం. బిడ్డతోపాటు అమ్మీకీ పరీక్ష చేయించుకుని రమ్మందాం. రోగులకు స్వస్థతను, సేవచేసే వారికి శక్తిని అల్లాహ్ ప్రసాదించుగాక! ఆమీన్.