లంబసింగి త్రోవ

మార్గశిర పుష్యమాసములు వచ్చినవనగా విశాఖపట్టణపు వారు కుటుంబసమేతముగ లంబసింగికి బోవుట నేడు పరిపాటియైనది. అర్ధరాత్రమున బయలుదేరి, నిద్రించు పిల్లలను కారులో వెనుక బరుండబెట్టి, తెల్లవారకమున్నే మంచును జూడవలెనని పరుగిడుదురు. తత్ఫలితముగ అనకాపల్లి చెరకుతోటలును, నర్సీపట్టణము దాటిన పిదప నెదురగు కొండదారియు చీకటిలోనే గడచిపోవుచున్నవి. మా మనవి యొక్కటే: ఈ త్రోవను పగటివేళ బొండు.

ఎక్కుడు దారిలో జీలుగుచెట్లు, అడ్డతీగలు, ఉసిరి, పనస కానవచ్చును. కాఫీతోటలకు నీడగా వరుసదీరి నిలిచిన నిడుపాటి సిల్వరోకు మ్రాకులు మాత్రము ఈ కొండలవి కావు, ఆస్ట్రేలియా దేశపువి. వానికి మిరియపు తీగలు ప్రాకించి గిరిజనులు నాలుగు డబ్బులు గడించుచున్నారు గనుక వానిని నిందింప బనిలేదు. కాని నాటిన తోటకును, తనంత మొలచిన యడవికిని గల భేదమును పిల్లలకు జూపుట యవసరము. కారు దిగి పది నిమిషము లూరకుండిన, చెవికే తెలియును.

ఇంక త్రోవ మాట. నర్సీపట్టణమునుండి లంబసింగికి బాట వేయించునపుడు గూడెపు డిప్యూటీ తహశీల్దారు బాస్టియన్ గిరిజనులను నిర్బంధించి, చాలీచాలని కూలితో బని చేయించెను. అంతకుముందే 1882వ సంవత్సరపు మద్రాసు అటవీచట్టము వారి పోడునకు సంకెల వేసియుండెను. తాత సాగుచేసిన నేలను ద్రవ్వుట మనుమనికి నేరమయ్యెను! అట్టివారే అల్లూరి సీతారామరాజు వెంట నడచిరి. 1922 ఆగష్టు 22, 23, 24 తేదీలలో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాలపై బడి 26 తుపాకులు గొనిపోయిరి. 1924 మే 7వ తేదీన కొయ్యూరులో రాజును గాల్చి చంపిరి. అడవిబిడ్డలకు చారిత్రకముగ నన్యాయము జరిగినదని మన శాసనము ఒప్పుకొనుటకు 2006వ సంవత్సరము రావలసివచ్చెను. 2022లో నేర్పడిన జిల్లాకు రాజు పేరు పెట్టిరి. బాట వేసిన కూలీల పేర్లు ఏ రాతిమీద నున్నవి?

మంచు చూచివచ్చిన పిల్లవానిని ఆ బాట నెవరు వేసిరని యడిగిన, గుత్తేదారని చెప్పును. చెప్పవలసిన పెద్దలు ముందుసీటులోనే యున్నారు.

రాజు సమాధి కృష్ణదేవిపేటలో నున్నది. నర్సీపట్టణమున త్రోవ చీలి ఆ వైపు వేరుగ బోవును. తెల్లవారునప్పటికి లంబసింగి జేరవలెనని తొందరపడువారికి అది తారసపడదు.