లీటరు అంటే ఎంతో పిల్లలకి పోసి చూపించండి

మీ ఇంట్లో నాలుగో తరగతి చదివే తమ్ముడో చెల్లెలో ఉంటే ఒకటి అడగండి. లీటరుకి ఎన్ని మిల్లీలీటర్లు? ఠక్కున 1000 అంటారు. సరే, మనం తాగే ఈ గ్లాసులో ఎన్ని పడతాయి అంటే మాత్రం దిక్కులు చూస్తారు. అంకె వచ్చింది గానీ లీటరు ఎంతో తెలీదు.

అందుకే సూత్రాలు పక్కన పెట్టి వంటింట్లో మొదలుపెట్టమంటాను. ఒక సన్నటి పొడుగు గ్లాసు, ఒక వెడల్పాటి గిన్నె తీసుకుని రెండింట్లో సమానంగా నీళ్లు పోయండి. ఐదారేళ్ల పిల్లలు చాలామంది గ్లాసులోనే ఎక్కువున్నాయంటారు. పియాజే అనే మనస్తత్వవేత్త ఈ విషయం మీద చాలా ప్రయోగాలు చేశాడు. "తప్పు" అనేయకండి. వాళ్ల చేతే మళ్లీ కొలిపించండి. మన అమ్మమ్మల సోల, తవ్వ, మానిక కూడా ఇలా చేత్తో వచ్చిన లెక్కలే. రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక.

ఇది మార్కుల కోసమే అనుకోకండి. ఓఆర్‌ఎస్ పెద్ద ప్యాకెట్ లీటరు నీళ్లలో కలపాలి. చిన్నవి 200 మిల్లీలీటర్లకి కూడా దొరుకుతాయి. లీటరు ప్యాకెట్‌ని 200 పట్టే గ్లాసులో కలిపేస్తే ఐదు రెట్లు చిక్కనవుతుంది. విరేచనాలతో నీరసించిన పసిబిడ్డకి అంత ఉప్పు ప్రమాదం. నీళ్లు మరీ ఎక్కువైతే మందు సరిగా పనిచేయదు. సిరప్ కూడా అంతే, 5 మిల్లీలీటర్లంటే చేతికందిన చెంచాతో కాదు, సీసాతో వచ్చిన కొలత కప్పుతో పోయాలి. ఆ కప్పు మీది గీతలు చదవడం మీ చెల్లెలికి ఈరోజే నేర్పొచ్చు.

ఇక పెద్ద క్లాసు వాళ్లకి ఘనపరిమాణం. అట్టతో లోపల పొడవు, వెడల్పు, ఎత్తు 10 సెంటీమీటర్లు ఉండే పెట్టె చేయించండి. 10×10×10, అంటే 1000 ఘన సెంటీమీటర్లు. లోపల ప్లాస్టిక్ కవర్ పరిచి నీళ్లు పోస్తే సరిగ్గా లీటరు పడుతుంది. (వాటర్ బాటిల్‌ని మూత దాకా నింపి కొలవకండి, లీటరు కంటే కాస్త ఎక్కువే పడుతుంది.)

ఇప్పుడు అన్ని వైపులా మీటరు ఉండే ట్యాంకులో ఎన్ని లీటర్లు పడతాయో ఊహించమనండి. చాలామంది 100 అంటారు, మీటరుకి 100 సెంటీమీటర్లు కదా అని. అప్పుడు నేల మీద మీటరు చదరం గీసి, మన పెట్టెలు పేర్చినట్టు లెక్కపెట్టించండి. వరుసకి 10, అలాంటివి 10 వరుసలు. అడుగు నిండేసరికే 100 లీటర్లయ్యాయి, ఎత్తు ఇంకా 10 సెంటీమీటర్లే.