అలాస్కా ఓడ ఎక్కే ముందు... జూపార్కు చుట్టి రండి!

అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్లే పెద్దలు ఇప్పుడు అలాస్కా క్రూయిజ్ కూడా ఎక్కుతున్నారు. మంచుకొండలు, తిమింగలాలు హాయిగా చూసి రావాలంటే టికెట్‌తో పాటు ఒంటినీ ముందే సిద్ధం చేసుకోవాలి.

గత నెల మా ఓపీకి లాల్‌దర్వాజా నుంచి ఓ రిటైర్డ్ టీచరు భార్యతో కలిసి వచ్చారు. పదిహేనేళ్లుగా షుగరు, బీపీ. సియాటిల్‌లో ఉండే కొడుకు వచ్చే జులైలో అలాస్కా తీసుకెళ్తున్నాడట. "అక్కడి చలికి మందులేమైనా మార్చాలా డాక్టరు గారూ?" అని అడిగారు. "మెట్లెక్కితే ఎలా ఉంటోంది?" అన్నాను. "బాగానే ఉంది" అని ఆయన అంటుండగానే ఆమె అందుకున్నారు. "ఏం బాగండీ! రెండో అంతస్తుకు వచ్చేసరికి గుండె మీద చెయ్యి పెట్టుకుని ఆగిపోతున్నారు. అబ్బాయికి తెలిస్తే ప్రయాణం మాన్పిస్తాడని నాతో ఒట్టు వేయించుకున్నారు."

ఇలా దాచుకునేవాళ్లు మీ ఇంట్లోనూ ఉండొచ్చు.

ఓడలో ఏముంటుంది? ఏముండదు?

అలాస్కా ఓడలు ఎక్కువగా మే నుంచి సెప్టెంబరు దాకా సియాటిల్, వాంకూవర్‌ల నుంచి బయల్దేరతాయి. సాధారణంగా వారం ప్రయాణం. కెచికన్, జూనో, స్కాగ్వే రేవుల్లో ఆగుతాయి. దారిలో హంప్‌బ్యాక్ తిమింగలాలు, మంచు ముక్కల మీద సేదదీరే సీల్‌లు, తెల్లతల గద్దలు కనువిందు చేస్తాయి.

ఓడలో డాక్టరు, నర్సులు, ఈసీజీ, ఆక్సిజన్, అత్యవసర మందులు ఉంటాయి. యాంజియోప్లాస్టీ, పెద్ద ఆపరేషన్లు మాత్రం కుదరవు. జూనో అలాస్కా రాజధానే అయినా బయటి నుంచి అక్కడికి రోడ్డు లేదు. విమానమో, ఓడో ఎక్కాల్సిందే. గుండెపోటు వస్తే ప్రతి నిమిషమూ విలువైనదే. కాబట్టి జబ్బు సంగతి తేల్చుకోవాల్సింది ఇక్కడే.

ఆరు నెలల ముందు

బీపీ, హెచ్‌బీఏ1సీ, క్రియాటినిన్, ఈసీజీ చేయించుకోండి. షుగరు ఉంటే కళ్లు, పాదాలు కూడా చూపించుకోండి. నడిస్తే ఛాతీ బిగుసుకోవడం, దవడకో ఎడమ చేతికో నొప్పి పాకడం, ఆయాసం ఉంటే ఆలస్యం చేయకుండా డాక్టరును కలవండి. విశ్రాంతిగా ఉన్నప్పుడు తీసిన ఈసీజీ బాగున్నంత మాత్రాన గుండె బాగున్నట్టు కాదు.

ఈ లక్షణాలేవీ లేనివారు రోజూ అరగంట నడక మొదలుపెట్టండి. రెండు మూడు నెలలయ్యాక బహదూర్‌పురాలోని నెహ్రూ జూపార్కుకు వెళ్లండి. 1963లో మొదలైన ఈ పార్కు దాదాపు 380 ఎకరాలు. బ్యాటరీ బండి ఎక్కకుండా రెండు గంటలు తిరగండి. ఇది వైద్యపరీక్ష కాదు గానీ, రేవుల్లో తిరిగే ఓపిక ఉందో లేదో తెలుస్తుంది.

నెల ముందు

• ఫ్లూ టీకా కనీసం రెండు వారాల ముందు వేయించుకోండి. 1998 వేసవిలో అలాస్కా పర్యాటకుల్లో ఫ్లూ పెద్దఎత్తున వ్యాపించింది. న్యుమోనియా టీకా గురించీ డాక్టరును అడగండి.

• ప్రయాణ బీమాలో పాత జబ్బులు దాచొద్దు. వాటికి, ఓడ నుంచి ఆసుపత్రికి తరలింపునకు కవరేజీ ఉందో లేదో చదివి చూసుకోండి.

• మందులు పది రోజులకు అదనంగా, జనరిక్ పేర్లున్న చీటీతో సహా చేతిసంచిలోనే పెట్టుకోండి. ఇన్సులిన్‌ను లగేజీలో వేయొద్దు. గడ్డకడితే పనికిరాదు.

• వేసవిలో సియాటిల్ మనకంటే పన్నెండున్నర గంటలు వెనక. అలాస్కా ఇంకో గంట వెనక. ఏ మాత్ర ఎప్పుడో ముందే రాయించుకోండి. సమయం తప్పిందని రెండేసి మాత్రలు మింగొద్దు.

ప్రయాణంలో

విమానంలో గంటకోసారి లేచి నడవండి. కూర్చున్నప్పుడు పాదాలు పైకీ కిందకీ ఆడించండి. కాళ్లలో రక్తం గడ్డకట్టే ముప్పు తగ్గుతుంది.

ఓడలో కడుపులో తిప్పుతుంటే డెక్ మీదకొచ్చి దూరంగా సముద్రం ఆకాశాన్ని తాకే చోటు చూడండి. గది ఓడ మధ్యలో, కింది అంతస్తులో ఉంటే కుదుపు తక్కువ. వాంతుల మాత్రలు మగత తెస్తాయి. ప్రొస్టేట్ సమస్య, గ్లకోమా ఉన్నవారు డాక్టరును అడగకుండా వేసుకోవద్దు.

వాంతులు, విరేచనాలు తెచ్చే నోరోవైరస్‌ మీద శానిటైజర్ అంతగా పనిచేయదు. తినే ముందు సబ్బుతో చేతులు కడుక్కోండి.

చలిగాలికి బీపీ పెరగొచ్చు, ఛాతీనొప్పి, ఆస్తమా తిరగబెట్టొచ్చు. ఒకే మందపాటి స్వెట్టర్ కన్నా రెండు మూడు పొరల బట్టలు, పైన వాన కోటు మేలు. ముక్కు, నోరు మఫ్లర్‌తో కప్పుకోండి.

ఆ టీచరు గారికి టీఎంటీలో తేడా కనిపించింది. గుండె వైద్యుల దగ్గరికి పంపాం. ఆ రాత్రే కొడుకుకు ఫోన్ చేసి అంతా చెప్పారట. ప్రయాణం సంగతి చికిత్స అయ్యాక చూద్దామన్నాం. జులైకి ఇంకా చాలా వ్యవధి ఉంది. మీకూ అలాంటి ప్రయాణం ఉంటే, ఒంట్లో సంగతి ఈ వారమే ఇంట్లో చెప్పండి.

– జనరల్ ఫిజీషియన్, ప్రభుత్వ ఆసుపత్రి, పాతబస్తీ, హైదరాబాద్